కీలెరిగి మూత పెట్టు

విద్యుత్ పరికరాల పరీక్షశాలల్లో ఒక లోహపు వేలు ఉంటుంది. మందం 12 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు. మనిషి వేలిలాగే కణుపుల దగ్గర వంగుతుంది. డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) బాక్సు గానీ మీటరు పెట్టె గానీ పరీక్షకు వస్తే దాని సందుల్లోకి, కంతల్లోకి ఈ వేలిని పోనిచ్చి చూస్తారు. లోపల కరెంటు పారే భాగం దానికి అందిందంటే ఆ పెట్టె పరీక్ష తప్పినట్టే. చీకట్లో తడుముకునే మనిషి వేళ్లు ఎందాకా చేరగలవో తేల్చడానికి ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఇది. పెట్టెల మీద ‘ఐపీ’ అక్షరాల పక్కన కనిపించే రెండంకెల్లో మొదటిది ఇలాంటి పరీక్షల నుంచే వస్తుంది. రెండోది నీటి పరీక్షల నుంచి వస్తుంది.

ఆ అంకెలు మూత సరిగ్గా పడి ఉన్న పెట్టెకు వర్తించేవి. మూత ఊడి పక్కన పడి ఉంటే పెట్టె మీద ఐపీ 43 అని రాసి ఉన్నా, ఐపీ 65 అని రాసి ఉన్నా ఒకటే. లోపలి బ్రేకరును, అంటే ఎంసీబీని, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పూర్తి కరెంటు పారుతుండగా 4,000 సార్లు వేసి తీసి పరీక్షిస్తారు. లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ యాంపియర్ల రకమైతే, ఆ మాత్రం లీకేజీకే సరఫరా తెంచేయాలని కచ్చితమైన నియమం ఉంది. ఇంత పకడ్బందీగా తయారైన పరికరాలకు కాపలా కాసే మూత మాత్రం రెండు చిన్న కీళ్ల మీద ఆధారపడి ఉంటుంది. డీబీ కొనేటప్పుడు మనం ఎన్ని వేల సంగతులు అడిగినా ఆ కీలు సంగతి అడగం.

ఫలితం మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. మెట్ల కిందో, హాల్లో తలుపు వెనకో ఉన్న డీబీకి గృహప్రవేశం నాడు తళతళలాడే మూత ఉంటుంది. రెండు మూడేళ్లు గడిచేసరికి ఒక పక్క పిన్ను విరిగి మూత ఏటవాలుగా వేలాడుతుంది. ఇంకొన్నాళ్లకు దాన్ని ఊడదీసి బాక్సు నెత్తిన పెడతారు, లేదా అటక మీద పడేస్తారు. స్విచ్చుల వరుస వికారంగా కనిపిస్తోందని దాని మీద క్యాలెండర్ తగిలిస్తారు. వేడెక్కితే నిప్పు పుట్టగల చోట ఎండుకాగితం వేలాడదీశామన్న ఆలోచన ఎవరికీ రాదు. ఎంసీబీలు లేని ఖాళీ గళ్లకు బిగించిన ప్లాస్టిక్ పట్టీలు కూడా పోయి ఉంటే, ఆ కంతలోంచి కరెంటు పారే బస్‌బార్ దాకా వేలు సులువుగా పోతుంది. పరీక్షశాలలో లోహపు వేలికి అందనిది ఇంట్లో పసివాడి వేలికి అందుతుంది.

గునపం సూత్రం

ఈ మూతలు ఎక్కువగా మూసేటప్పుడు విరగవు. పూర్తిగా తెరిచాక, ఇంకొంచెం వెనక్కి నెట్టినప్పుడు విరుగుతాయి. దీని వెనక హైస్కూల్లో చదువుకున్న భౌతికశాస్త్రమే ఉంది.

ఒక మూత వెడల్పు 250 మిల్లీమీటర్లు అనుకుందాం. 100 డిగ్రీల దాకా తెరుచుకుని, అక్కడ మూత అంచు బాక్సు చట్రానికి ఆనుకుని ఆగిపోతుంది. ఆనుకునే చోటు పిన్నుకు 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఎలక్ట్రీషియన్ లోపల పని చేస్తూ మోచేత్తో మూత కొసను ఒక కిలో బరువుకు సమానమైన బలంతో నెట్టాడు. చట్రానికి ఆనిన చోటే ఇప్పుడు ఆధారం. నెట్టిన చోటు అక్కడికి సుమారు 250 మిల్లీమీటర్లు, పిన్ను 5 మిల్లీమీటర్లు. అంటే పిన్ను మీద పడే బలం దాదాపు 50 రెట్లు. కిలో బలంతో నెడితే రెండు పిన్నుల మీదా కలిపి 50 కిలోల లాగుడు పడుతుంది. గునపం మొన బండ కింద దోపి అవతలి కొసను నొక్కితే బండ లేచినట్టే, మూత తన పిన్నులను తానే పెకలించుకుంటుంది. అగ్గిపుల్లంత మందమైన ప్లాస్టిక్ పిన్నుకు ఆ బలాన్ని తట్టుకునే స్తోమత ఉండదు.

రోగం తెలిసింది కాబట్టి మందులూ ఉన్నాయి. మూతను 180 డిగ్రీలు తెరుచుకునేలా చేసి గోడకు ఆనిస్తే నెట్టడానికి ఇంకేమీ మిగలదు. అది కుదరకపోతే ఆగే చోటును పిన్నుకు వీలైనంత దూరంగా జరపాలి. 5 మిల్లీమీటర్ల బదులు 20 మిల్లీమీటర్ల దూరంలో ఆపితే పిన్ను మీది బలం నాలుగో వంతుకు తగ్గిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది మూడో పద్ధతి. ఒక హద్దు దాటి నెడితే కీలు విరగకుండా మూత ‘టక్’మని గాడిలోంచి బయటికి వచ్చేయాలి, మళ్లీ నొక్కితే టక్కున ఎక్కాలి. మనిషి మోచెయ్యి తగులుతుందని, మనిషికి తొందర ఉంటుందని ముందే ఒప్పుకుని చేసిన రూపకల్పన అది.

ప్లాస్టిక్‌లో దాగిన గుణం

పిన్నూ రంధ్రమూ లేని కీళ్లు కూడా ఉన్నాయి. షాంపూ సీసా మూత చూడండి. మూత, దాని అడుగుభాగం ఒకే ముక్క. మధ్యలో పలచటి పట్టీ ఉంటుంది, అది వంగుతుంది, అంతే. దాన్ని సాధ్యం చేసింది పాలిప్రొపిలీన్. ఇటలీ శాస్త్రవేత్త జూలియో నత్తా బృందం 1954లో దీన్ని స్ఫటిక రూపంలో తయారుచేసింది. నత్తాకు, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌కు 1963లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ప్లాస్టిక్ అచ్చులోంచి బయటికి వచ్చి ఇంకా వెచ్చగా ఉండగానే ఆ పట్టీని ఒకటి రెండుసార్లు వంచుతారు. దాంతో చిక్కుపడి ఉన్న పొడవాటి అణువుల గొలుసులు వంపుకు అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి సాగి బారులు తీరుతాయి. ఆ తర్వాత లక్షలసార్లు వంచినా తెగదు. పట్టీ మందం పావు మిల్లీమీటరు నుంచి అర మిల్లీమీటరు మధ్య ఉండాలి. ఏ రేకునైనా వంచితే పైపొర సాగుతుంది, లోపలి పొర నొక్కుకుంటుంది. మందం పెరిగేకొద్దీ ఆ సాగుడు పెరుగుతుంది. కీలు గట్టిగా ఉండాలని మందంగా పోస్తే అది ముందే తెగిపోతుంది. బలం కోసం పలచన చేయాల్సి రావడం ఇంజనీరింగ్‌లో అరుదుగా ఎదురయ్యే సంగతి.

మరి డీబీ మూతలన్నీ ఇలాగే ఎందుకు చేయరు? పాలిప్రొపిలీన్ తనంతట తాను సులభంగా మండుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పెళుసుబారుతుంది. దానికి విరుగుడు రసాయనాలు కలపవచ్చు గానీ, గాజులాంటి పారదర్శకత రాదు. డీబీకి పారదర్శకత సోకు కోసం కాదు. ఏ ఎంసీబీ ట్రిప్ అయిందో మూత తెరవకుండానే కనిపించాలి. అందుకే కిటికీ ఉన్న మూతలకు పాలీకార్బొనేట్ వాడతారు. 1953లో జర్మనీలోని బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనిపెట్టిన ప్లాస్టిక్ ఇది. సుత్తి దెబ్బకు కూడా తేలిగ్గా పగలదు. కానీ పలచటి పట్టీగా చేసి పదేపదే వంచితే ఓర్చుకోదు. కాబట్టి దీనికి పిన్ను కీలే గతి.

పిన్ను కీలులోనూ ఒక దాగిన బలహీనత ఉంది. మూతను అచ్చు పోసేటప్పుడు కరిగిన ప్లాస్టిక్ ఒక చోటు నుంచి అచ్చులోకి పరుగెడుతుంది. పిన్ను దూరే రంధ్రం దగ్గరికి రాగానే రెండు పాయలుగా చీలి, రంధ్రాన్ని చుట్టి అవతల కలుసుకుంటుంది. అప్పటికి ఆ పాయల ముఖాలు కాస్త చల్లారి ఉంటాయి. అందుకని అవి పూర్తిగా ఒకదానిలో ఒకటి ఇంకిపోవు, సన్నని గీతలా అతుకు మిగులుతుంది. విరిగిన మూతను పట్టుకుని కీలు చెవిని వెలుతురుకు అడ్డంగా తిప్పి చూస్తే చాలాసార్లు పగులు ఆ గీత వెంటే పోయి ఉంటుంది. మంచి అచ్చు తయారీదారు ప్లాస్టిక్ ప్రవేశించే చోటును జరిపి, ఈ అతుకు బలం పడని వైపు వచ్చేలా చూసుకుంటాడు. పిన్ను మొదలు దగ్గర మూల కత్తిరించినట్టు ఉంటే ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది. అర మిల్లీమీటరు గుండ్రదనం ఇచ్చినా పిన్ను ఆయుష్షు బాగా పెరుగుతుంది. ఈ రెండు జాగ్రత్తలకూ అదనపు ప్లాస్టిక్ ఖర్చు లేదు. కావలసింది శ్రద్ధ.

ఇక ఇంట్లో మనం చేసే హాని ఒకటుంది. గోడలకు రంగులు వేసేటప్పుడు డీబీ మూత మీద చుక్కలు పడతాయి. పెయింటర్ గుడ్డను థిన్నర్‌లో ముంచి శుభ్రంగా తుడుస్తాడు. థిన్నర్‌లో టోలుయీన్, అసిటోన్ లాంటి ద్రావకాలు ఉంటాయి. పాలీకార్బొనేట్‌కు అవి బద్ధశత్రువులు. మామూలు చోట మసకబార్చి వదిలేస్తాయి. కానీ కీలు దగ్గర ప్లాస్టిక్ ఎప్పుడూ కొంత బిగువులో ఉంటుంది. ద్రావకం ఆ బిగువున్న చోట అణువుల గొలుసుల మధ్యకు దూరి వాటి పట్టును సడలిస్తుంది. ముందు వెంట్రుకల్లాంటి సన్నని బీటలు పడతాయి, నాలుగు రోజులకో నెలకో మూత తెరవగానే కీలు చేతికి వస్తుంది. అప్పటికి పెయింటర్ వెళ్లిపోయి ఉంటాడు, నింద కంపెనీ మీద పడుతుంది. మూతను తడి గుడ్డకు కాస్త సబ్బు రాసి, గట్టిగా పిండి తుడిస్తే చాలు. రంగులు వేసే ముందే దాని మీద పాత పేపరు అంటిస్తే ఇంకా మేలు.

నిప్పు పరీక్ష కూడా చెప్పాలి. ఎర్రగా కాల్చిన తీగ మొనను ప్లాస్టిక్‌కు 30 సెకన్లు ఆనించి తీసేస్తారు. తీశాక 30 సెకన్లలోపు మంట దానంతటదే ఆరిపోవాలి. ఎంసీబీలో కరెంటు పారే భాగాలను పట్టుకుని ఉండే ప్లాస్టిక్‌కు 960 డిగ్రీల సెల్సియస్ తీగ, మిగతా బయటి భాగాలకు 650 డిగ్రీల తీగ. బ్రిటన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సరిగా బిగించని వైర్ల వల్ల ఇళ్లలోని డీబీలు అంటుకున్న ఘటనలు లండన్ ఫైర్ బ్రిగేడ్ దర్యాప్తుల్లో పదేపదే బయటపడ్డాయి. ఆ తర్వాత 2016 జనవరి 1 నుంచి ఇళ్లలో కొత్తగా పెట్టే డీబీల పెట్టె మండని పదార్థంతో ఉండాలన్న నియమం వచ్చింది. ఆచరణలో అది ఉక్కు పెట్టె. లోపల పుట్టిన మంట లోపలే ఉండిపోవాలన్నది ఉద్దేశం. తలుపు బార్లా తెరిచి ఉంటే ఉక్కు పెట్టె అయినా ఏం ఆపుతుంది?

ఇనుప తలుపు లెక్క

మన దగ్గర కూడా ఎలక్ట్రికల్ షాపులో ‘సింగిల్ డోరా, డబుల్ డోరా’ అని అడుగుతారు. డబుల్ డోర్ రకంలో ఎంసీబీల చుట్టూ స్క్రూలతో బిగించిన పలక, దాని ముందు కీళ్ల మీద తిరిగే తలుపు ఉంటాయి. అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, రైస్ మిల్లుల్లో కనిపించే పెద్ద ప్యానెళ్ల తలుపులు ఇంకా బరువు. వీటి కీళ్ల మీద లాగుడు ఎంత పడుతుందో కట్టడం సులువు. తలుపు బరువు 6 కిలోలు, వెడల్పు 400 మిల్లీమీటర్లు అనుకోండి. బరువు మధ్యలో, అంటే కీళ్ల గీతకు 200 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నట్టు. రెండు కీళ్ల మధ్య ఎడం 500 మిల్లీమీటర్లయితే పై కీలును బయటికి లాగే బలం 2.4 కిలోలు, కింది కీలును లోపలికి నొక్కే బలమూ అంతే. అవే కీళ్లను 100 మిల్లీమీటర్ల ఎడంతో బిగిస్తే ఆ బలం 12 కిలోలవుతుంది. కాబట్టి తలుపు వాలిపోకుండా ఉండాలంటే కీళ్లు ఎంత లావుగా ఉన్నాయన్న దానికన్నా ఎంత దూరంగా ఉన్నాయన్నది చూడాలి. మన ఇంటి తలుపులకు వడ్రంగి మడతబందులను పైకొకటి కిందికొకటి తోసి బిగించేది కూడా ఇందుకే.

రెండు మిల్లీమీటర్లు వాలిపోతే ఏమవుతుందిలే అనుకోవచ్చు. పాత ఐరన్‌క్లాడ్ మెయిన్ స్విచ్ గుర్తు తెచ్చుకోండి. పక్కన పిడి, ముందు ఇనుప మూత. పిడి ‘ఆన్’లో ఉంటే మూత తెరుచుకోదు, మూత తెరిచి ఉంటే పిడి ‘ఆన్’లోకి పోదు. లోపల ఒక ఇనుప నాలుక మూతకున్న గాడిలోకి వెళ్లి పట్టుకోవడం వల్ల ఇది జరుగుతుంది. కరెంటు ఉండగా ఫ్యూజు తీయబోయే మనిషిని మాటలతో పని లేకుండా ఆపిన గొప్ప ఏర్పాటు ఈ ఇంటర్‌లాక్. కీలు అరిగి మూత కాస్త కిందికి దిగితే నాలుకకు గాడి అందదు. మూత సరిగా పడక స్విచ్ పడటం లేదని ఎవరో ఆ నాలుకను వంచేస్తారు. అప్పటి నుంచి ఆ స్విచ్‌కు ఉన్నది మూతే, రక్షణ కాదు.

ఇప్పటి ప్యానెళ్లలో ఇదే పనిని తలుపుకు బిగించిన తిప్పుడు పిడి చేస్తుంది. బ్రేకర్ లోపల ఉంటుంది, దాని నుంచి ఒక కడ్డీ ముందుకు వచ్చి తలుపు మీది పిడిలో దూరుతుంది. తలుపు మూసుకునేటప్పుడు పిడి తిన్నగా రాదు, కీలు చుట్టూ వంపు తిరుగుతూ వస్తుంది. పిడి కీలుకు మరీ దగ్గరగా ఉంటే ఆ వంపు కురచగా ఉండి కడ్డీకి పక్కవాటుగా తగులుతుంది. దూరంగా ఉంటే దాదాపు తిన్నగా వచ్చి కూర్చుంటుంది. అందుకే తయారీదారులు కీలు నుంచి పిడికి కనీసం ఇంత దూరం ఉండాలని డ్రాయింగులో గీసి మరీ ఇస్తారు. స్థలం చాలలేదని ప్యానెల్ కట్టేవాళ్లు ఆ దూరాన్ని మింగేస్తే నష్టపోయేది ఇంటర్‌లాకే.

ఇనుప తలుపుకు ఎర్తింగ్ విషయంలో చాలామందికి తెలియని మెలిక ఉంది. లోపలి ఫేజు వైరు ఊడి తలుపుకు తగిలితే తలుపంతా కరెంటు పాకుతుంది. అది వెంటనే ఎర్త్‌లోకి పోతేనే బ్రేకర్ ట్రిప్ అవుతుంది. మరి తలుపుకూ పెట్టెకూ మధ్య కరెంటుకు దారి ఏది? కీలే. ప్యానెళ్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61439 ప్రకారం తలుపు మీద ప్రమాదకర వోల్టేజీ పరికరాలేవీ లేకపోతే మామూలు లోహపు కీళ్లు, స్క్రూలే ఆ దారికి చాలు. తలుపు మీద ఇండికేటర్ ల్యాంపులు, మీటర్లు, పుష్ బటన్లు ఉంటే మాత్రం మామూలు కీలును నమ్ముకోకూడదు, విడిగా ఎర్త్ వైరు వేయాలి. సాధారణంగా అల్లిన రాగి పట్టీ వేస్తారు. కనీసం 10 యాంపియర్ల కరెంటు పంపి కొలిస్తే నిరోధం 0.1 ఓమ్ దాటకూడదు. కీలు మీద పౌడర్ కోటింగ్ రంగు పడినా, పిన్ను చుట్టూ తుప్పు పట్టినా ఆ దారి మూసుకుపోతుంది. ప్యానెల్‌కు మళ్లీ రంగు కొట్టించినప్పుడు రాగి పట్టీ బోల్టు కింద కూడా రంగు పూసేసిన పనితనం నేను చూసిన ప్యానెళ్లలో కొత్తేమీ కాదు. పైకి అందంగా ఉంటుంది, ఎర్తింగ్ మాత్రం ఉండదు.

తలుపు మీది బటన్లకు వెళ్లే వైర్ల కట్ట కూడా కీలు దాటే పోవాలి. దాన్ని కీలుకు అడ్డంగా లాగితే తలుపు తీసిన ప్రతిసారీ ఒకే చోట మడతపడి, కొన్నేళ్లకు లోపలి రాగి పోగులు తెగుతాయి. కీలు వెంట నిలువుగా కొంత దూరం నడిపి దాటిస్తే మడత బదులు మెలి పడుతుంది. ఆ మెలి పొడవంతా పంచుకుంటుంది కాబట్టి ఏ ఒక్క చోటా వైరు అలసిపోదు. చూడటానికి చిన్న పనితనం, ప్యానెల్ కట్టినవాడి అనుభవం అక్కడే తెలిసిపోతుంది.

చేలో స్టార్టర్ డబ్బా

ఇళ్ల సంగతి ఒక ఎత్తు, చేలల్లో బోరు మోటార్ల సంగతి ఒక ఎత్తు. 415 వోల్టుల త్రీఫేజు కరెంటు ఒక ఇనుప డబ్బాలోకి దిగి, స్టార్టర్ గుండా మోటారుకు పోతుంది. ఆ డబ్బా గుంజకు బిగించి ఎండలో, వానలో ఉంటుంది. రైతు దాని దగ్గరికి వచ్చేది తడి మడిలోంచి, తడి కాళ్లతో, తరచూ చీకట్లో. తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ పొలాల వెంట నడిస్తే తలుపు లేని డబ్బాలు, తలుపును బైండింగ్ వైరుతో కట్టిన డబ్బాలు, సంచీ కప్పిన డబ్బాలు ఎన్నో కనిపిస్తాయి. బల్లులు, కప్పలు, కందిరీగలు లోపల కాపురం పెడతాయి. దేశంలో ఏటా 10 వేల మందికి పైగా కరెంటు షాకుతో చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. ఆ మరణాలకు కారణాలు ఎన్నో ఉంటాయి. తలుపు లేని డబ్బా వాటిలో తక్కువ ఖర్చుతో తొలగించగలిగినది.

ఈ డబ్బాల కీళ్లు ఎందుకు పోతాయి? తుప్పు వల్ల. తుప్పు తినేయడం తర్వాతి సంగతి, ముందు అది ఉబ్బుతుంది. ఇనుము తుప్పుగా మారితే మునుపటికన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పిన్నుకూ గొట్టానికీ మధ్య ఉన్న సన్నటి సందును ఆ తుప్పు నింపేసి పిన్నును బిగదీస్తుంది. తిరగని కీలును రైతు బలంగా లాగుతాడు. అప్పుడు పలచటి రేకుకు చుక్కలుగా వేసిన వెల్డింగు ఊడుతుంది, లేదా రేకే చిరుగుతుంది. పిన్ను స్టెయిన్‌లెస్ స్టీలుదైతే, రెక్కలు జింకు పూత పూసినవైతే ఈ కథ చాలా ఏళ్లు వాయిదా పడుతుంది. ఏడాదికోసారి, తొలకరికి ముందు, మెయిన్ కట్ చేసి కీలుకు రెండు చుక్కల గ్రీజు పెట్టినా ఫలితం ఉంటుంది.

ఆరుబయట పెట్టెకు కీలు ఏ వైపు ఉండాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. కీలు పైన ఉంటే వదిలిన వెంటనే మూత బరువుకు తానే పడుతుంది, వాన నీరు మూత మీంచి జారిపోతుంది. బాత్రూం బయట, డాబా మీద బిగించే వాటర్‌ప్రూఫ్ సాకెట్లకు ఈ పద్ధతే సరైనది. చాలావాటికి స్ప్రింగు కూడా ఉంటుంది. మనిషి మరిచిపోయినా మూత మరవదు. కానీ పెద్ద స్టార్టర్ డబ్బాకు పైకీలు పెడితే రిపేరు చేసేవాడు ఒక చేత్తో మూత ఎత్తి పట్టుకుని, ఒక చేత్తో పని చేయాలి. చేయి జారితే మూత వేళ్ల మీద, వేళ్లు టెర్మినల్ మీద. అక్కడ పక్క కీలు, దానితో పాటు గాలికి కొట్టుకోకుండా తలుపును పట్టి ఉంచే ఊతకడ్డీ మేలు. కీలు కింద పెట్టడం మాత్రం ఆరుబయట ఎప్పుడూ తగదు. మూత తెరిచి వదిలేస్తే అలాగే వేలాడుతూ ఉంటుంది.

నీరు దూరకుండా తలుపు అంచున మెత్తటి రబ్బరు గాస్కెట్ వేస్తారు. అది అన్ని వైపులా సమానంగా నొక్కుకోవాలి. గొళ్లెం వైపు తలుపు ఎదురుగా వచ్చి నొక్కుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కీలు వైపు అలా కాదు. పిన్ను గాస్కెట్‌తో సమతలంలో లేకుండా బాగా వెనక్కి ఉంటే తలుపు అంచు పక్క నుంచి రుద్దుకుంటూ వచ్చి గాస్కెట్‌ను నలుపుతుంది. కొన్నాళ్లకు కీలు వైపే గాస్కెట్ చిరిగి నీరు అక్కడి నుంచే దిగుతుంది. కీలు బిగించిన స్క్రూ రంధ్రాలు గాస్కెట్ గీతకు బయట ఉండాలన్నది ఇంకో నియమం. లోపలికి ఉంటే ఎంత మంచి గాస్కెట్ వేసినా ఆ రంధ్రాలే కుళాయిలవుతాయి. మీటరు పెట్టెలకైతే ఇంకో చూపు కావాలి. ఒక పక్క సీలు, తాళం ఎంత గట్టివైనా, రెండో పక్క కీలు పిన్నును బయటి నుంచి తట్టి తీయగలిగితే తలుపు అటు నుంచి తెరుచుకుంటుంది. పిన్ను కొసలు లోపలికి దాగి ఉండేలా చేసేది అందుకే.

మంచి కీలు ఖరీదు పెట్టె మొత్తం ధరలో చాలా కొద్ది భాగం. పిన్ను మొదలు దగ్గర గుండ్రదనం, ఆగే చోటు నాలుగు రెట్లు దూరం, స్టెయిన్‌లెస్ పిన్ను, గోడకు ఆనేంత తెరుచుకునే కోణం, ఇవేవీ పెద్ద పరిశోధన అడిగేవి కావు. విడి మూత, విడి కీలు దుకాణంలో దొరికేలా చేయడం అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఇప్పుడు మూత విరిగితే బాక్సంతా మార్చాలంటారు, గోడ పగలగొట్టాలంటారు. ఆ ఖర్చుకు భయపడి జనం క్యాలెండర్ తగిలిస్తారు. తప్పు వాళ్లది మాత్రమే అనలేం.

మీరు కొత్త డీబీ కొంటుంటే షాపులోనే మూతను పూర్తిగా తెరిచి, కొసను మెల్లగా వెనక్కి నెట్టి చూడండి. కీలు దగ్గర ప్లాస్టిక్ తెల్లబారితే ఆ బాక్సు తీసుకోకండి. పిన్ను విడిగా మార్చుకునే వీలుందా అని అడగండి. ఇంట్లో పాత డీబీ మూత వేలాడుతుంటే ఫెవిక్విక్‌తో అతికించి సరిపెట్టకండి, ఆ జిగురు ఇలాంటి లాగుడుకు నిలవదు. క్యాలెండర్ తీసేయండి. ఎంసీబీల చుట్టూ ఉన్న లోపలి పలకను మీరు విప్పవద్దు, ఆ పని మెయిన్ తీసి ఎలక్ట్రీషియన్ చేయాలి. ఖాళీ గళ్లకు ప్లాస్టిక్ పట్టీలు ఉన్నాయో లేదో అప్పుడే చూడమనండి. ఊళ్లో అమ్మానాన్నలు ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు చేలో స్టార్టర్ డబ్బా తలుపు ఎలా ఉందో చూసి, పాడైతే వానలు మొదలయ్యేలోగా వెల్డింగ్ షాపులో రెండు మంచి కీళ్లు వేయించండి.